రిజిస్ట్రీని తోలినం

తెనాలి,
జూన్ 14

చిరంజీవి జ్యోతికను ఆశీర్వదించి కింది పోర్షను సాంబమూర్తి తాత రాస్తున్నది.

క్షేమంగా చేరాం. బస్సులో మీ అమ్మమ్మ మోకాలు గుమ్మడికాయంత అయింది. నువ్వు పిలిచే వరస ప్రకారం మా ఆవిడ హనుమాయమ్మను అమ్మమ్మ అనే రాస్తున్నాను. ఆపరేషను ఎప్పుడో డాక్టరు ఇంకా చెప్పలేదు. ఆవిడ తమ్ముడు ప్రసన్నకుమార్ ఇంట్లో దిగాం. మూడు నెలలు పట్టవచ్చు.

ఫోను ఎందుకు తీసుకుపోలేదని మీ నాన్న అడుగుతాడేమో. అవతలివాళ్ళు 'పాలు' అంటే నాకు 'వేలు' అని వినపడుతుంది. అందుకే దాన్ని బల్ల సొరుగులో పెట్టి తాళం వేసి వచ్చాను. ముప్పై నాలుగేళ్ళు తపాలా శాఖలో ఉత్తరాలు వేరు చేసినవాణ్ణి. మాట కాగితం మీద ఉంటే ఎవరూ అపార్థం చేసుకోరు. ప్రసన్నకుమార్ నంబరు ఇవ్వను. వాడు నీతో మాట్లాడింది నాకు చెప్పాలని అరిస్తే వీధంతా వింటుంది.

ఇక పిల్లులు. మూడేళ్ళుగా పై వాటాలో ఉంటున్నా నువ్వు వాటిని ఎప్పుడూ పేరుపెట్టి పిలవగా వినలేదు. అందుకని రాస్తున్నాను. లావుపాటి తెల్లది పార్సెల్. ఉన్నట్టుండి ఊడిపడి చచ్చిన ఎలుకను కాళ్ళ దగ్గర పెట్టే నల్లది టెలిగ్రాం. స్టాంపు లేకుండా వచ్చి, తీసుకున్నవాడి నెత్తిన పడిన చారల కుర్రది బేరింగు. మూడు రంగుల ఆడది రిజిస్ట్రీ. అది ఎవరి చేతికి అందాలో వాళ్ళ చేతికే అందుతుంది, గిన్నె కింద పెట్టి పోతే ముట్టదు, నువ్వు పక్కన కూర్చోవాలి.

నాలుగింటికీ పెరుగన్నం. మా పిల్లులకు మాంసం వాసన తెలియదు. మీ నాయనమ్మ అండాలమ్మ గారికి ఈ మాట గట్టిగా చెప్పు.

నేను వచ్చేసరికి నాలుగూ నాలుగుగా అప్పగించాలి. ఒకటి తగ్గినా మీరు వేరే ఇల్లు చూసుకోవచ్చు. నవ్వుతూ రాస్తున్నాననుకోకు.

ఆశీస్సులతో,
సాంబమూర్తి


ఎల్.బి.నగర్,
జూన్ 21

పూజ్యులైన సాంబమూర్తి తాతగారి పాదపద్మములకు నమస్కరించి జ్యోతిక చేయు విజ్ఞాపనము.

తమ లేఖ అందినది. దానిని మూడుమార్లు పఠించితిని. మూడుమార్లును నా హృదయము క్రోధముచే జ్వలించినది.

తాతగారూ, మాంసము వాసన తెలియదని తాము సెలవిచ్చిన పార్సెల్, గత ఆదివారము మధ్యాహ్నము మా వంటింట ప్రవేశించి, కూరగిన్నె మూతను పాదముచే త్రోసి, మా నాయినకై ఉంచిన కోడి తొడను నోట కరచుకొని, మెట్ల మీదుగా తమ వాకిట చేరి, తమ గడపపైననే కూర్చుండి భక్షించినది. ఇది చౌర్యము కాదా? 'కుక్కుటోరువు' అను సమాసము సాధువేనా అని మా తెలుగు మాస్టారును అడిగితిని. ఆయన నన్ను ఎగాదిగా చూచి, ముందు పరీక్షకు చదువుకొమ్మనిరి.

టెలిగ్రాం నా కెమిస్ట్రీ రికార్డుపై తడి పాదములతో నడచినది. సల్ఫ్యూరిక్ ఆమ్లము బొమ్మ పక్కన నాలుగు పాదముద్రలు కలవు. మేడమ్ 'ఇది ఏ పరికరము?' అని తరగతిలో అడిగినారు. అందరును నవ్విరి.

బేరింగు మా నాయిన వ్యానులో పండ్ల ట్రేల నడుమ నిద్రించి, బాటసింగారము మార్కెట్టు వరకు వెళ్ళి, బత్తాయిల మధ్యనుండి తల పైకెత్తగా కొనవచ్చిన షావుకారు కెవ్వుమనెను. మార్కెట్టు గడ్డిఅన్నారములో ఉన్నప్పుడైతే నడచి ఇంటికి వచ్చెడిది. ఇప్పుడు అంత దూరము నుండి నాయిన దానిని ముందు సీటుపై కూర్చుండబెట్టుకొని తీసుకురావలసి వచ్చినది.

రిజిస్ట్రీ ఒక్కటే మర్యాద తెలిసినది. అయితే దాని పక్కన నేను గంటసేపు కూర్చుండవలెను. ఇంటరు రెండవ సంవత్సరమున గంట అనగా ఏమో తమకు తెలియును గదా!

తమ మార్జాల చతుష్టయము యొక్క దౌష్ట్యమును ఇకపై సహింపజాలనని సవినయముగా మనవి.

ఇట్లు,
జ్యోతిక


తెనాలి,
జూన్ 28

చి. జ్యోతికకు,

'మార్జాల చతుష్టయము' చదివి మీ అమ్మమ్మ పగలబడి నవ్వింది. నవ్వితే మోకాలు కదిలింది. రెండు రోజులు నొప్పి. ఆ నొప్పికి నువ్వే బాధ్యురాలివి.

ఏమిటమ్మాయ్ ఆ రాత? నేను జిల్లా కలెక్టరునా, నువ్వు నాకు విజ్ఞాపనము చేసుకోవడానికి? పిల్లిని పిల్లి అనలేని పిల్లకు తెలుగు వచ్చినట్టా రానట్టా? కొత్త మాటలు నేర్చుకుంటున్నావు, సంతోషం. నేర్చుకున్నవన్నీ ఒంటి మీద వేసుకుని బజారుకు రావక్కర్లేదు. మీ నాయనమ్మ మెట్ల మీద కూర్చుని మాట్లాడుతుంటే నేను కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని వినేవాణ్ణి. ఫోను వినపడని చెవికి ఆవిడ మాట మాత్రం వినపడేది. భాష అంటే అది. ఇకపై నువ్వు మీ ఇంట్లో ఎలా మాట్లాడుకుంటారో అలా రాయి. లేకపోతే రాయకు.

పార్సెల్ మీద వేసింది పచ్చి అభాండం. అది వాసనకి లోపలికి వచ్చి ఉండవచ్చు, తిన్నది బేరింగు అయి ఉంటుంది. సాక్షి ఎవరు? నువ్వొక్కదానివే కదా?

అన్నట్టు, రిజిస్ట్రీ బాగా తింటోందా? మామూలు కంటే ఎక్కువ తింటోందా? దాన్ని పొట్ట కింద చెయ్యిపెట్టి ఎవరూ ఎత్తవద్దు. ఊరికే చెబుతున్నాను.

సాంబమూర్తి


ఎల్.బి.నగర్,
జూలై 6

తాతా,

మా ఇంట్ల మాట్లాడినట్టు రాయమన్నరు కద, రాస్తున్న. ఇగ చదువుకోండ్రి.

సాక్షి ఎవరని అడుగుతరా? మా నాయిన సాక్షి. ఉత్త పులుసుతోని అన్నం తిన్నడు పాపం. మా అమ్మ సాక్షి. ఆమె చైతన్యపురి హాస్టల్ల అరవై మంది పిల్లలకు వండి, ఇంటికొచ్చి మళ్ళ మీ నలుగురికి పెరుగన్నం కలుపుతది. ఒక్కనాడన్న మీరు మా అమ్మ పేరు ఉత్తరంల రాసిన్రా?

గదట్ల ఉండనీ. మీరు 'ఊరికే చెబుతున్నాను' అని రాసిన్రు చూడు, గా ముక్క నేను నాయనమ్మకు చదివి వినిపించిన. నాయనమ్మ చాట పక్కకు పెట్టి లేచి, రిజిస్ట్రీని ఎండల నిలబెట్టి పక్క నుంచి చూసింది.

"ఓ పిల్లా, గిది కడుపుతోని ఉన్నదే!"

"లావయ్యిందేమో నాయనమ్మా."

"పదిమందికి పురుడు పోసిన చేతులివి. నాకు చెప్తవా? మీ ఓనరుకు ఎరికే. ఎరికుండే మెల్లగ బస్సెక్కిండు. తెలివిగల్లోడు!"

తాతా, మీకు ఎరికేనా? నిజం రాయండ్రి. ఎరికుండి చెప్పకపోతే మాత్రం నాకు చానా కోపమొస్తది. ఇప్పటికే వచ్చింది.

రిజిస్ట్రీ కాన్పుకు ఎక్కడ జాగ చూసుకున్నదో తెలుసా? నా పుస్తకాల అరల. తెలుగు పుస్తకం కిందికి నూకి, ఇంగ్లీషు పుస్తకం చించి పరుపు చేసుకున్నది. టెలిగ్రాం, బేరింగు అర ముందట పొద్దంత కొట్లాడుతున్నయి. మగ పిల్లులుంటే పిల్లలను బతకనియ్యవని నాయనమ్మకు ఒకటే పరేషాన్. నేను జూలై ఇరవై నుంచి పరీక్షలు రాయాల్నా, పిల్లికి కాపలా ఉండాల్నా?

ఇంకో సంగతి కూడ చెప్త. మీరు నిజం దాచిన్రు గనుక మేము దాచింది కూడ వినుండ్రి. మూడేండ్ల సంది ప్రతి బేస్తారం నాయనమ్మ మీ నాలుగింటికి ఎండు చాపలు పెడుతుంది. మీ గోడ వెనుక, మీరు పేపర్ చదివే యాళ్ళకు. మాంసం వాసన తెలియదట!

జ్యోతిక


తెనాలి,
జూలై 12

చి. జ్యోతికకు,

ఎండుచేపల సంగతి రెండుసార్లు చదివాను. అంటే మూడేళ్ళుగా నా పెరుగన్నాన్ని అవి మర్యాదకి తిన్నాయన్న మాట. పిల్లులు కూడా మొహమాటపడతాయని నాకు తెలియదు. ఈ విషయం మీద మీ నాయనమ్మతో మాట్లాడవలసింది చాలా ఉంది. వచ్చాక మాట్లాడతాను.

నువ్వు నిజం రాయమన్నావు. తెలుసు. చెబితే మీరు ఒప్పుకోరని, మీరు ఒప్పుకోకపోతే ఈవిడ ఆపరేషనుకి రానంటుందని చెప్పలేదు. 'రిజిస్ట్రీ ఈనేదాకా ఆగుదాం, ఇన్నాళ్ళు ఆగిన మోకాలు ఇంకో నెల ఆగదా' అంది. నేనే బలవంతంగా బయలుదేరదీశాను. తప్పే. ఇప్పుడు తిట్టుకో.

మా తాళంచెవి మీ దగ్గరే ఉంది కదా. మెట్ల కింది గదిలో నా పాత పంచె పరిచి రిజిస్ట్రీని అందులో ఉంచండి. మగవాటిని లోపలికి రానివ్వకండి. మాకు పిల్లలు లేరు, నీకు తెలిసిందే. ఆవిడ రోజుకి నాలుగుసార్లు అడిగేది దాని గురించే. కాబట్టి ఏం జరిగినా వెంటనే రాయి. కార్డు ముక్క మీద రెండు మాటలైనా చాలు.

ఆపరేషను పధ్నాలుగో తేదీ. ఇప్పుడు నువ్వు రాస్తున్న భాష బాగుంది. అలాగే రాయి.

మీ అమ్మగారికి నా నమస్కారాలు. పేరు రాయలేదన్నావు. నిజమే, మూడేళ్ళలో అడగలేదు. తెలియజేయి.

సాంబమూర్తి


ఎల్.బి.నగర్,
జూలై 19

తాతా,

రేపటి నుంచి పరీక్షలు. అందుకే కార్డు.

రిజిస్ట్రీని మొన్న తోలినం. పోనని మస్తు లొల్లి చేసింది, మంచం కిందికి దూరింది. నాయనమ్మే దొరకబట్టి, దగ్గరుండి తోలింది. నాయిన బండిల ఏసుకపోయిండు. ఇప్పుడు ఇల్లు నిమ్మళంగ ఉన్నది. మీరు రంది పెట్టుకోకుండ్రి. మిగిలిన మూడు మంచిగున్నయి.

అమ్మమ్మ ఆపరేషన్ ఎట్లయింది? మా అమ్మ పేరు అమల.

జ్యోతిక


తెనాలి,
జూలై 24
స్పీడ్ పోస్టు

మహిపాల్ గారి కుమార్తె జ్యోతికకు,

ఆపరేషను బాగానే జరిగింది. అడిగావు కాబట్టి రాస్తున్నాను, మీకు చెప్పాలని కాదు.

నీ కార్డు అందింది. కార్డు ఎవరైనా చదవవచ్చు. ఇక్కడి పోస్ట్‌మ్యాన్ చదివి, 'ఏమండీ, ఎవరినో తోలేశారటగా' అని నన్ను పరామర్శించాడు. నా ఉద్యోగ జీవితంలో ఎవరి కార్డూ నేను చదవలేదు. నా కార్డు ఊరంతా చదివింది.

నెలలు నిండినదాన్ని తోలేస్తారా? అదీ మంచం కింద దాక్కుంటే ఈడ్చి? పురుళ్ళు పోసిన చేతులని ఆవిడ చెప్పుకుందే, ఆ చేతులతోనా? పైగా బండిలో వేసుకుపోయి ఎక్కడో పారేసి వచ్చి, 'ఇల్లు నిమ్మళంగా ఉన్నది' అని నాకే రాస్తావా? రంది అంటే ఏమిటో నాకు తెలియదు. తెలుసుకోవాలనీ లేదు.

ఇబ్బంది అయితే ఒక్క ముక్క రాయాల్సింది. ప్రసన్నకుమార్‌ని పంపి తెప్పించుకునేవాణ్ణి. మీ ఇంట్లో ఎవరినైనా ఇలా తోలేస్తారా?

కార్డులో ఏముందని ఈవిడ అడిగింది. 'పరీక్షలట' అన్నాను. ఆవిడతో నలభై ఒక్క ఏళ్ళలో ఇది రెండో అబద్ధం. మొదటిది కూడా ఆ పిల్లి గురించే, మోకాలికి తొందరేమీ లేదని ఆవిడ అన్నా వినకుండా, రిజిస్ట్రీకి ఇంకా రెండు నెలలుందని చెప్పి బస్సెక్కించాను.

చెప్పినట్టే, ఆగస్టు ఆఖరుకి ఇల్లు ఖాళీ చేయండి. మిగిలిన మూడింటినీ అప్పటిదాకా తోలకుండా ఉంటే చాలు.

సాంబమూర్తి


ఎల్.బి.నగర్,
జూలై 29

సాంబమూర్తి తాతకు,

మీ స్పీడ్ పోస్టు మొన్న వచ్చింది. నేను పరీక్ష రాసి వచ్చేసరికి నాయిన దాన్ని చేతిల పట్టుకొని మెట్ల మీద కూర్చున్నడు. నాయనమ్మ మూడుసార్లు చదివించుకున్నది. "తోలినం అంటే తోలినమనే కదనే? మంచిపని చేస్తిమి. గాయనకు ఏం బాధ?" అన్నది. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. నిన్న నాయిన లోడు వదిలేసి నాగోల్ దాకా పోయి కిరాయి ఇండ్లు చూసి వచ్చిండు. ఐదేండ్లల్ల ఇది నాలుగో ఇల్లు తాతా. ఈ ఇల్లే కాలేజీకి దగ్గర, అమ్మ పనికి దగ్గర. పరీక్షలయ్యేదాక నాకు చెప్పొద్దనుకున్నరు, కానీ ఉత్తరం నా పేరు మీద వచ్చింది కద.

నేను ఇయ్యాల దిల్‌సుఖ్‌నగర్‌ల కాలేజీ లైబ్రరీకి పోయి పెద్ద నిఘంటువు తీసిన. మీరు 'తోలేశారు, తోలేశారు' అని అన్నిసార్లు ఎందుకు రాసిన్రో నాకు అప్పుడు తెలిసింది. తోలు అంటే చర్మం అని ఉంది. పశువులను అదిలించి నడుపు అని ఉంది. వెళ్ళగొట్టు అని ఉంది. ఇంకేమీ లేదు. నేను అట్ట దాకా తిప్పి చూసిన. మా మాట లేదు!

తాతా, నా కోపం ముందుగాల ఆ పుస్తకం మీద. వేల మాటలు ఎక్కించినోళ్ళకు మా నాయనమ్మ రోజూ అనే మాట దొరకలేదా? నేను మార్జాలం అని నేర్చుకున్న, చతుష్టయం అని నేర్చుకున్న. ఇన్నేండ్లు మా ఇంట్ల ఉన్న మాటను మాత్రం ఎవరూ రాసి పెట్టలేదని నాకు తెలియనే లేదు.

రెండో కోపం మీ మీద. మీ ఇంట్లో మాట్లాడినట్టు రాయి అన్నరు. రాసిన. మా మాట రాయమని మీరే అడిగి, చదివేటప్పుడు మీ అర్థం చదువుకున్నరు. ఇది న్యాయమేనా?

మా దగ్గర తోలుడు అంటే పంపుడు. ఆడపిల్లను అత్తగారింటికి తోలుతరు, పండుగకు పుట్టింటికి తోలుతరు, కాన్పుకు తోలుకొచ్చుకుంటరు. మా మేనత్త యాదలక్ష్మి పెండ్లయి పోయిన నాడు మా తాత ఇంటింటికి పోయి 'బిడ్డను తోలినం' అని చెప్పిండట. చెప్పుకుంట ఏడ్చిండట. మీరు అనుకున్న అర్థమే అయితే ఆయన ఎందుకు ఏడుస్తడు?

రిజిస్ట్రీని మేము కాన్పుకు తోలినం. అబ్దుల్లాపూర్‌మెట్‌ల మా అత్తమ్మ ఇంటికి. మీ మెట్ల కింది గదిల మీ పంచె పరిచినం, ఒక్క పూట ఉన్నది. తెల్లారి టెలిగ్రాం కిటికీ ఊచల నుంచి లోపలికి వచ్చి కూర్చున్నడు. నాయనమ్మ 'ఇగ లాభం లేదు, పుట్టింటికి తోలాలె' అన్నది. ఆరోజు మెత్తటి చీర ముక్క పరిచి, బత్తాయిల ట్రేల రిజిస్ట్రీని కూర్చోబెట్టి, నుదుట బొట్టు పెట్టి, ఒడిబియ్యం అని పిడికెడు బియ్యం పోసింది. బొట్టును రిజిస్ట్రీ ముందటి కాలుతోని తుడిచేసుకున్నది. నాయిన ముందు సీటు మీద పెట్టుకొని, బ్రేకు గట్టిగ వెయ్యకుండ పోయిండు. వెనుక మామిడికాయలు ఉంటే కూడ అంత మెల్లగ పోడు.

పుట్టిల్లు అని ఎందుకు అన్నదో అడుగుతరేమో. రిజిస్ట్రీ పుట్టింది మా అత్తమ్మ గొడ్ల కొట్టంలనే. మేము ఈ ఇంటికి వచ్చిన కొత్తల నాయనమ్మనే సంచిల వేసుకొచ్చింది, ఎలుకల కోసం. అది మా దగ్గర రెండు రోజులుండి కిందికి దిగి అమ్మమ్మ ఒడిల కూర్చున్నది. మాదని చెప్తే అమ్మమ్మ మనసు చిన్నబోతదని నాయనమ్మ ఎన్నడూ చెప్పలేదు.

మొన్న ఇరవై ఆరు నాడు రిజిస్ట్రీ ముగ్గురు పిల్లలను పెట్టింది. ఒకటి నల్లగ, టెలిగ్రాం పోలికే. తల్లీ పిల్లలు మంచిగున్నరు.

ఖాళీ చెయ్యమంటే చేస్తం. మీ ఇల్లు, మీ ఇష్టం. కానీ మీరు అనుకున్నట్టు తోలినోళ్ళమని కాదు. గా మాట ఒక్కటి అమ్మమ్మకు చెప్పండ్రి.

జ్యోతిక

రంది అంటే దిగులు. తెలుసుకోవాలని లేదన్నరు, అయినా రాస్తున్న.


అబ్దుల్లాపూర్‌మెట్,
యాదలక్ష్మి గారి అరుగు మీద నుంచి,
ఆగస్టు 4, ఉదయం

చి. జ్యోతికకు,

నీ ఉత్తరం చదివి మీ అమ్మమ్మకు కార్డు, నేను రాసిన దాని నకలు, నీ జవాబు మూడూ చదివి వినిపించాను. ఆవిడ మంచం మీద నుంచి లేవలేదు కాబట్టి నేను బతికాను. 'ఆ పిల్ల రాసింది అర్థం కాకపోతే అడగొచ్చు కదా, ముప్పై నాలుగేళ్ళు ఉత్తరాలు మోసి ఏం నేర్చుకున్నారు' అంది. వేరు చేశాను, మోయలేదు అన్నాను. అది కూడా తప్పే అయింది. వెంటనే పోయి కళ్ళారా చూసి రమ్మని విజయవాడ మీదుగా ఇటు వచ్చే బస్సెక్కించింది. బస్సు మీ ఎల్.బి.నగర్ కంటే ముందు ఇక్కడే ఆగుతుంది కాబట్టి ఇక్కడే దిగాను.

చూశాను. రిజిస్ట్రీ గడ్డిమోపు మీద మహారాణిలా పడుకుని ఉంది. నన్ను చూసి లేవలేదు. చెయ్యి వాసన చూసి ఒక్కసారి నాకి, మళ్ళీ పిల్లల వైపు తిరిగిపోయింది. ముప్పై నాలుగేళ్ళ సర్వీసుకి కూడా నాకు అంతే మర్యాద దక్కింది కాబట్టి ఏమీ అనుకోలేదు.

ఇక అసలు సంగతి. నేను ఒక సంచి తెచ్చుకున్నాను. తల్లీ పిల్లలూ నాలుగింటినీ అందులో వేసుకుని ఎల్.బి.నగర్‌లో దింపి తిరిగి పోదామని. మీ అత్తయ్య సంచి చూసింది.

"ఏంది సారూ, సంచి తెచ్చిన్రు?"

"పిల్లిని తీసుకుపోవడానికమ్మా."

"బాలింతను సంచిల తీసుకపోతరా? మూడో నెల పడనియ్యండ్రి. అప్పుడు తోలుతం."

"అది మా పిల్లి, యాదలక్ష్మి గారూ."

"పిల్లి మీదే. బాలింత మాది. మూడో నెల దాకా తోలం. అన్నం తినుండ్రి."

నాకు చాలా కోపం వచ్చింది. అయినా అన్నం తిన్నాను. తింటుంటే ఆవిడ రిజిస్ట్రీకి ఎండుచేప పెట్టింది, నా ఎదురుగానే. నేను చూడనట్టు పప్పు కలుపుకున్నాను.

నువ్వే ఇప్పుడు మీ అత్తయ్యతో మాట్లాడాలి. ఒక ఇంటి యజమానికి తన పిల్లిని తోలమని అడిగే హక్కు ఉందా లేదా? ఉంటే వెంటనే తోలమని చెప్పు. ఆ మాట నేను సరిగ్గానే వాడుతున్నాననుకుంటాను.

మీ నాన్న ఇల్లు వెతకడం ఈ క్షణమే ఆపాలి. నేను ఒకటి తగ్గితే ఖాళీ చేయమన్నాను. మూడు పెరిగితే ఏం చేయాలో నేనెక్కడా రాయలేదు. రాయని నిబంధన చెల్లదు. ఉండండి. తప్పు నాది. మీ నాన్నకీ, అమలగారికీ, మీ నాయనమ్మకీ నేను ఎదురుగా చెబుతాను. ఉత్తరంలో రాస్తే దానికి ఇంకో అర్థం వస్తుందని భయంగా ఉంది.

మీ నాన్న వ్యాను ఇటు వస్తుందట. ఈ కాగితం ఆయన చేతికే ఇస్తున్నాను. మధ్యాహ్నం బస్సుకి తెనాలి పోతున్నాను. ఆవిడ లెక్క ప్రకారం ఈపాటికి ఆలస్యమయ్యే ఉంటుంది.

సాంబమూర్తి


ఎల్.బి.నగర్,
ఆగస్టు 6

తాతా,

అబ్దుల్లాపూర్‌మెట్ దాకా వచ్చి, ఇంకో అరగంట బస్సుల కూర్చుంటే మా ఇంటికి రావచ్చు. రాకుండ తిరిగి పోతరా? మీరు వచ్చిన్రని అత్తమ్మ ఫోను చేస్తే, నాయనమ్మ మీ కోసం చారు పెట్టి, మాపటి దాక మెట్ల మీద కూర్చున్నది. నాయిన వచ్చి కాగితం ఇచ్చినంక 'గీయన భయపడి పోయిండు' అన్నది. నాకు కూడ గట్లనే అనిపించింది. ఎదురుగ చెప్తనని రాసి, ఎదురుగ లేకుండ పోయిన్రు. మళ్ళ కోపమొచ్చింది.

నాయిన ఇండ్లు చూసుడు ఆపిండు. అమ్మ మీ ఉత్తరంల తన పేరు చూసి, రెండుసార్లు చదివించుకున్నది. రాత్రికి పార్సెల్‌కు పెరుగన్నంల కొంచెం కూర పులుసు పోసింది.

అత్తమ్మతో మాట్లాడిన. మూడో నెల పడ్డంకనే తోలుతనన్నది. ఇంకో షరతు కూడ పెట్టింది. బాలింతను తోలుకపోవడానికి మగమనిషి ఒక్కడే వస్తే ఇయ్యదట. అమ్మమ్మ కూడ రావాలట. మోకాలు మంచిగయి, తన కాళ్ళ మీద తాను అరుగు ఎక్కి, తన చేతులతోని రిజిస్ట్రీని అందుకోవాలట. సంచి వద్దన్నది. అక్టోబర్ దాక టైముంది గనుక డాక్టరు చెప్పినట్టు నడిపించుండ్రి, తొందరపెట్టకుండ్రి. ఇది నేను బతిమాలి తెచ్చిన మాట. దీనికి తక్కువ ఆమె ఒప్పుకోదు.

అమ్మమ్మను ఏ రోజు తోలుకొస్తరో జర ముందుగ రాయండ్రి. ఆ రోజు నాయిన లోడు పెట్టుకోడు.

జ్యోతిక